డాక్టరు అడగలేదు, మేం చెప్పలేదు

మా బాబాయికి డెబ్భై ఒకటి. కాలిఫోర్నియాలో కొడుకు దగ్గర, అంటే మా తమ్ముడి దగ్గర ఉంటాడు. గ్రీన్ కార్డు ఉంది. చిన్నప్పుడు కీళ్ళ జ్వరమొచ్చి గుండె కవాటం పాడైతే, చాలా ఏళ్ళ క్రితం హైదరాబాదులో ఆపరేషన్ చేసి లోహపు వాల్వు పెట్టారు. అది పెట్టించుకున్నవాళ్ళు బతికున్నంత కాలం రక్తం గడ్డకట్టకుండా మందేసుకోవాలి. ఈయన వేసుకునేది వార్ఫరిన్. ఈ వార్ఫరిన్ మా ప్రొడక్షన్ సర్వర్లాంటిది. ఎవరు ఏం కదిపినా దానికి తెలిసిపోతుంది. తోటకూర ఎక్కువ తింటే ఒక రకం, తక్కువ తింటే ఇంకో రకం, యాంటిబయాటిక్ వేసుకుంటే మరో రకం. అందుకని నెలకోసారి ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష చేయించుకోవాలి. మామూలు మనుషులకి అది 1 దగ్గర ఉంటుంది. ఈయనకి 2.5కీ 3.5కీ మధ్య ఉండాలి. తగ్గితే వాల్వు మీద గడ్డ కడుతుంది, పెరిగితే లోపలెక్కడో రక్తస్రావం.

కిందటి చలికాలంలో ఒకరోజు పిన్ని ఫోన్ చేసి, "మీ బాబాయి మోచెయ్యి నల్లగా కమిలిందిరా, ఎక్కడా తగల్లేదంటున్నాడు" అంది. పరీక్ష చేస్తే 5.8.

క్లినిక్కుకి నేనూ వెళ్ళాను. తమ్ముడు పక్కన కూర్చుని బాబాయికి దుబాసీ పని చేస్తున్నాడు. నర్సు కంప్యూటరు తెర వైపు చూస్తూ వరసగా అడుగుతోంది. కొత్త మందులేమైనా మొదలుపెట్టారా? లేదు. యాంటిబయాటిక్స్? లేదు. ఆల్కహాల్? లేదు. రిక్రియేషనల్ డ్రగ్స్? లేదు. నేను గమనించిందేమిటంటే మొదటి రెండు ప్రశ్నలకి తమ్ముడు తెలుగులో అడిగి బాబాయి చెప్పింది ఇంగ్లీషులో చెప్పాడు. మూడో ప్రశ్న నుంచి అడగటం మానేసి తనే చెప్పేశాడు. మన ఇళ్ళల్లో ఎవరైనా అంతే చేస్తారు. కన్నతండ్రిని పట్టుకుని "నువ్వు మత్తుమందులు వాడతావా" అని ఎవడడుగుతాడు? చివరికి ఆకుకూరల దగ్గరకొచ్చింది. ఈమధ్య తగ్గాయి, పిన్నికి ఒంట్లో బాగోక వండటంలేదు. "అదే అయ్యుంటుంది" అన్నారు. నిజమే, ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, అది తగ్గితే ఐఎన్ఆర్ పెరుగుతుంది. కారణం దొరికింది, టిక్కెట్టు క్లోజ్. మందు కాస్త తగ్గించి వారం తర్వాత రమ్మన్నారు.

వారం తర్వాత కూడా 4.9. ఈసారి కార్లో ఇంటికొస్తుంటే తమ్ముడు నెమ్మదిగా బయటపెట్టాడు. "అన్నయ్యా, నాన్నకి ఒక నూనె ఇస్తున్నాను."

సంగతేంటంటే బాబాయికి మోకాళ్ళ నొప్పులు. వార్ఫరిన్ వేసుకునేవాళ్ళు ఐబుప్రొఫెన్ జాతి మందులు వేసుకోకూడదు, కడుపులో రక్తం కారే ప్రమాదం. టైలెనాల్ కూడా రోజూ ఎక్కువ మోతాదులో వేసుకుంటే ఐఎన్ఆర్ పెరుగుతుంది. రాత్రిళ్ళు నిద్ర ఉండదు. మావాడి ఆఫీసులో ఎవరో చెబితే డిస్పెన్సరీకి వెళ్ళి నూనె సీసా తెచ్చాడు. సీబీడీ ఎక్కువ, టీహెచ్‌సీ కొంచెం. అంటే శుభ్రంగా గంజాయి మొక్కలోంచి తీసిందే. మొదట రాత్రి నాలుగు చుక్కలు. పనిచేసింది. తర్వాత డ్రాపరు నిండా. ఆ తర్వాత పొద్దునా రాత్రీ. ఎంత వెయ్యాలో ఎవరు చెప్పారని అడిగాను. "షాపులో అమ్మాయి" అన్నాడు.

"మరి నర్సు అడిగితే లేదన్నావేం?"

"రిక్రియేషనల్ అంది కదా. నాన్నేం సరదాకి వేసుకోవట్లేదుగా."

ఇక్కడ మావాణ్ణి తిట్టాలో ఆ ఫారం రాసినవాణ్ణి తిట్టాలో నాకు తెలియలేదు. నేను పదహారేళ్ళుగా డేటాబేసులతో కాపురం చేస్తున్నాను. 'లేదు' అనే జవాబుకీ 'అడగలేదు' అనే ఖాళీకీ తేడా ఏమిటో కొత్తగా చేరిన పిల్లలకి నేనే పాఠాలు చెబుతుంటాను. ఈ ఫారంలో నొప్పికోసం గంజాయి వాడేవాడికి గడే లేదు. "మందులు" అన్నచోట రాయటానికి అది డాక్టరు రాసిన మందు కాదు. "సప్లిమెంట్లు" అన్నచోట చేపనూనె, విటమిన్ డి లాంటివి రాస్తారు. మిగిలింది పొగాకు, సారా, మత్తుమందుల వరస. ఒక మనిషి నిజాయితీగా నింపినా తప్పు డేటా వచ్చే ఫారం అది. మనమైతే దాన్ని బగ్గు అంటాం.

ఈ గడ ఎందుకు లేదని తవ్వుకుంటూ పోతే నాకు కాస్త ఆసక్తికరమైన కథ దొరికింది. మనవాళ్ళకి పెద్దగా తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

1970 నాటి అమెరికా చట్టం గంజాయిని షెడ్యూల్ 1లో, హెరాయిన్ పక్కన పెట్టింది. ఆ జాబితా అర్థం వైద్యానికి పనికిరాదని. దాంతో ఏ డాక్టరూ దాన్ని ప్రిస్క్రిప్షన్ మీద రాయడానికి వీల్లేకపోయింది. 1996 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు ప్రొపొజిషన్ 215 పాస్ చేసి, డాక్టరు సిఫారసు ఉంటే రోగి గంజాయి వాడొచ్చన్నారు. అప్పట్లో ఎయిడ్స్ రోగులు తిండి సహించక చిక్కి శల్యమై పోతుండేవారు, వాళ్ళకోసమే ముఖ్యంగా ఆ ఉద్యమం నడిచింది. రెండు నెలలు తిరక్కుండానే, డిసెంబరు 30న, క్లింటన్ ప్రభుత్వంలో మాదకద్రవ్యాల విభాగం చూసే జనరల్ మెకాఫ్రీ, మరికొందరు పెద్దలు కలిసి ఒక హెచ్చరిక చేశారు. గంజాయి సిఫారసు చేసిన డాక్టరుకి మందులు రాసే డీఈఏ రిజిస్ట్రేషన్ పీకేస్తామన్నారు. మెడికేర్, మెడికెయిడ్ నుంచి కూడా తప్పిస్తామన్నారు. అంటే డాక్టరు దుకాణం మూసుకోవాల్సిందే. దానికి డాక్టర్లేం చేశారంటే, నోళ్ళు మూసుకున్నారు. మీరైనా నేనైనా అదే చేస్తాం.

శాన్ ఫ్రాన్సిస్కోలో ఎయిడ్స్ రోగుల్ని చూసే మార్కస్ కోనంట్ అనే డాక్టరు, ఇంకొందరు డాక్టర్లూ రోగులూ కలిసి కోర్టుకెళ్ళారు. వాళ్ళ వాదన చాలా సింపుల్. మేం గంజాయి అమ్మటంలేదు, ఇవ్వటంలేదు. రోగితో మాట్లాడుతున్నాం. మాట్లాడటం రాజ్యాంగం ఇచ్చిన హక్కు. 2000 సెప్టెంబరులో జిల్లా కోర్టు జడ్జి విలియం ఆల్సప్ వాళ్ళకి అనుకూలంగా శాశ్వత ఉత్తర్వు ఇచ్చాడు. (ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? 2012లో ఒరాకిల్, గూగుల్ జావా కేసు విన్నదీ ఈయనే. మనవాళ్ళంతా అప్పుడు ఈయన తీర్పు కోసం ఎదురుచూశారు.) 2002 అక్టోబరులో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు దాన్ని ఖాయం చేసింది. 2003 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రభుత్వం అప్పీలు వినటానికి ఒప్పుకోలేదు. కథ కంచికి.

డాక్టరు గెలిచాడు కదా, మరి సమస్యేమిటి అంటారా? గెలిచింది మాట్లాడే హక్కు మాత్రమే. "ఇది మీకు పనికిరావచ్చు" అని డాక్టరు చెప్పొచ్చు. ఫలానా సీసా, రోజుకిన్ని మిల్లీగ్రాములు, ఇన్ని వారాలు అని మందు చీటీలా రాయటానికి వీల్లేదు, ఫార్మసీ ఇవ్వదు. డాక్టరు సిఫారసు కాగితం మీద సంతకం పెట్టి పక్కకి తప్పుకుంటాడు. మోతాదు సంగతి కౌంటరు వెనకున్న షాపు అమ్మాయి చూసుకుంటుంది. కనెక్టికట్ లాంటి కొన్ని రాష్ట్రాలు వైద్య గంజాయి పద్ధతి పెట్టినప్పుడు ఫార్మసిస్టు ఉండాలన్నాయి, ఆ మాత్రం తెలివి వాళ్ళకుంది. కాలిఫోర్నియాలో 2018 జనవరి నుంచి ఇరవయ్యొక్కేళ్ళు నిండిన ఎవరికైనా అమ్ముతున్నారు కాబట్టి సిఫారసు కాగితం కూడా అక్కర్లేకపోయింది. దాంతో డాక్టరు కథలోంచి పూర్తిగా మాయమైపోయాడు. మా తమ్ముడు ఎవర్నీ అడక్కుండా మిఠాయి కొన్నట్టు కొనుక్కొచ్చాడు.

2024 మేలో దీన్ని షెడ్యూల్ 3కి మారుద్దామని న్యాయశాఖ ప్రతిపాదించింది. 2025 డిసెంబరులో ఆ పని త్వరగా తేల్చమని అధ్యక్షుడు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. షెడ్యూలు నంబరు మారినంత మాత్రాన డాక్టరు గదిలో సంభాషణ దానంతటదే మారదనే నా అనుమానం. ముప్ఫై ఏళ్ళు అడక్కుండా గడిపినవాళ్ళకి అడగటం అలవాటు కావాలి కదా.

ఇంక మావాడు లేదనటానికి రెండో కారణం, మీలో చాలామందికి నేను చెప్పకుండానే తట్టి ఉంటుంది. బాబాయికి వచ్చే ఏడాది సిటిజన్‌షిప్‌కి అప్లై చెయ్యాలి. "రికార్డుల్లోకి ఎక్కితే?" అన్నాడు.

దీన్ని నేను పిరికితనం అని కొట్టిపారెయ్యను. రాష్ట్రంలో ఎంత చట్టబద్ధమైనా ఇమ్మిగ్రేషన్ చూసేది ఫెడరల్ చట్టాన్ని. కేసు, శిక్ష ఏవీ అక్కర్లేదు. ఫెడరల్ చట్టం కింద నేరమైన పని చేశానని మనిషి తనంతట తను అధికారి ముందు ఒప్పుకుంటే చాలు, లోపలికి రానివ్వకపోవటానికి అది కారణం కాగలదు. షెడ్యూల్ 1 అయినా 3 అయినా నియంత్రిత పదార్థం నియంత్రిత పదార్థమే. 2019 ఏప్రిల్‌లో యూఎస్‌సీఐఎస్ ఇంకాస్త తేటగా చెప్పింది. రాష్ట్ర చట్టం ఒప్పుకున్నా సరే, గంజాయి వాడకం పౌరసత్వానికి కావలసిన 'మంచి నడవడి'కి అడ్డు కావచ్చని. అంటే హెచ్-1బి మీదున్న కుర్రాడు కొలరాడో వెళ్ళి సరదాగా ఒక గమ్మీ నోట్లో వేసుకుంటే అతని అమెరికన్ ఫ్రెండుకి పోయేదేమీ లేదు, ఇతనికి మాత్రం పోవచ్చు. ఇది మన పిల్లలకి ఓరియెంటేషన్‌లో ఎవరూ చెప్పరు. మనమే చెప్పుకోవాలి.

కానీ ఇక్కడ మనవాళ్ళు ఒక విషయం కలిపేసుకుంటున్నారు. మీ గుండె డాక్టరు వేరు, గ్రీన్ కార్డు కోసం ఐ-693 ఫారం నింపే సివిల్ సర్జన్ వేరు. సివిల్ సర్జన్ మీకు వైద్యం చెయ్యడు, ప్రభుత్వం తరఫున పరీక్షిస్తాడు. అతను నింపిన ఫారం కవరులో సీలై నేరుగా వాళ్ళకే పోతుంది. మాదకద్రవ్యాల గురించి అతను అడుగుతాడు కూడా. అక్కడికి వెళ్ళేముందు లాయరుతో మాట్లాడుకోవటం తెలివైన పని. అబద్ధం చెప్పటం తెలివైన పని కాదు, అది ఇంకో పెద్ద నేరం. మీకు వైద్యం చేసే డాక్టరు రికార్డుకి మాత్రం హిపా చట్టం రక్షణ ఉంది, దాన్ని ఆయన ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి నెలనెలా పంపడు. కోర్టు ఉత్తర్వులాంటి మినహాయింపులు ఉన్నాయి, కాదనను. ప్రమాదం సున్నా అనటంలేదు. ఒక పక్క ఏడాది తర్వాత వచ్చే ఇంటర్వ్యూ, ఇంకో పక్క 5.8. ఈ రెండిట్లో ఏది ముందో తేల్చుకోవటానికి మావాడికి మూడు వారాలు పట్టిందంటే ఆ భయం ఎంత బలమైందో చూడండి. పైగా వాడు బ్యాంకు సాఫ్ట్‌వేరుకి రిస్క్ లెక్కలు కట్టే ఉద్యోగం చేస్తాడు.

మూడో కారణం చివర్లో చెప్పాడు. "నాన్నకి అది గంజాయని తెలీదు. మూలికల నూనె అని చెప్పాను."

నాకు నిజంగా కోపం వచ్చింది. మనిషికి ఏమిస్తున్నామో చెప్పకుండా ఇవ్వటమేమిటి? కానీ తెలుగులో ఆ మాట ఎలా చెప్పాలి, మీరే చెప్పండి. గంజాయి అనగానే మనకి గుర్తొచ్చేది మందు కాదు. విశాఖ మన్యం, శీలావతి రకం, పొట్లాలు కట్టి లారీల్లో పట్టుబడ్డ సరుకు, వెనక చేతులు కట్టించి నిలబెట్టిన కుర్రాళ్ళ ఫొటో. "గంజాయి బ్యాచ్" అనేది ఒక తిట్టు. ఇంగ్లీషువాడికి మెడికల్ క్యానబిస్ అని తెల్లకోటు వేసిన మాట ఒకటి దొరికింది. మనకి ఆ మాట లేదు. తమాషా ఏమిటంటే పాశ్చాత్య వైద్యంలోకి దీన్ని పట్టుకెళ్ళిందే మన దేశం నుంచి. 1839లో కలకత్తాలో ఓషానెస్సీ అనే డాక్టరు గంజాయి మీద ప్రయోగాలు చేసి రాసిన తర్వాతే ఇంగ్లండు డాక్టర్లు దాన్ని మందుగా వాడటం మొదలుపెట్టారు. ఆయుర్వేదంలో దీనికి విజయ అని ఎంతో మర్యాదైన పేరుంది. 1985 నాటి మన ఎన్‌డీపీఎస్ చట్టంలో కూడా గంజాయి అంటే పూత, కాయ కొసలు. విడిగా ఉన్న ఆకులూ గింజలూ ఆ నిర్వచనంలోకి రావు, ఉత్తరాదిలో భంగు దుకాణాలు నడుస్తున్నది ఆ సందులోంచే. ఇవన్నీ బాబాయికి కూర్చోబెట్టి చెబుతామా? మావాడు మూలికల నూనె అనేశాడు.

మూడో విజిట్‌కి నేనే పట్టుబట్టాను. క్లినిక్కుకి ముందే ఫోన్ చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలన్నాను. ఇది మీ తల్లిదండ్రుల్ని తీసుకెళ్ళేవాళ్ళంతా గుర్తుపెట్టుకోండి. ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రులు, అంటే దాదాపు అన్నీ, ఇంగ్లీషు సరిగా రాని రోగికి ఉచితంగా దుబాసీని ఇవ్వాలి. వెంట వచ్చిన బంధువు మీద ఆధారపడకూడదని 2016 నాటి నిబంధనల్లోనే ఉంది, అత్యవసరమైతేనో రోగే కావాలంటేనో తప్ప. మనం "పర్లేదు, నేనున్నాగా" అనేస్తాం. మన ఇంగ్లీషు బాగుంటుందని మన గర్వం. నేనూ మా అమ్మ విషయంలో రెండేళ్ళు అదే చేశాను.

ఈసారి వేరే నర్సు, కాస్త పెద్దావిడ. స్పీకరు ఫోన్లో ఎవరో తెలుగావిడ, మాటతీరు చూస్తే గోదావరి జిల్లాలు. మమ్మల్ని బయట కూర్చోమనలేదు గానీ మాట్లాడొద్దని సైగ చేసింది. తెర వైపు తిరక్కుండా, కుర్చీ బాబాయి ముందుకు లాక్కుని ఇలా అడిగింది: "మా దగ్గరికొచ్చే చాలామంది నొప్పులకీ నిద్రకీ సీబీడీ నూనెలు, గమ్మీలు వాడుతుంటారు. మీ ఇంట్లో అలాంటిదేమైనా ఉందా?" ఫోన్లో ఆవిడ ఏ తడబాటూ లేకుండా, "గంజాయి మొక్క నుంచి తీసిన నూనెలు, బిళ్ళలు నొప్పులకి చాలామంది వాడతారండీ, మీరేమైనా వాడుతున్నారాండీ" అంది.

బాబాయి వెంటనే, "వాడుతున్నానమ్మా. పొద్దున ఒక గొట్టం, రాత్రి ఒక గొట్టం. ఆగస్టు నుంచి" అన్నాడు.

మావాడి మొహం చూడాలి. "నీకు తెలుసా?" అన్నాడు.

"సీసా మీద రాసుందిగా. ఆకు బొమ్మ కూడా ఉంది. ముప్ఫై మూడేళ్ళు పోస్టాఫీసులో పనిచేశానురా, చిరునామాలు చదివిన కళ్ళు. నువ్వే చెప్పుకోలేక మూలికలంటున్నావు, నేనెందుకు అడిగి నిన్ను ఇబ్బందిపెట్టటం అని ఊరుకున్నా."

అదీ కథ. తండ్రి సిగ్గుపడతాడని కొడుకు చెప్పలేదు. కొడుకు సిగ్గుపడతాడని తండ్రి అడగలేదు. ఫారంలో గడ లేదని నర్సు అడగలేదు. ఆకుకూరల కారణం దొరికింది కాబట్టి డాక్టరు ఇంకోటి వెతకలేదు. అందరూ మంచివాళ్ళే, మధ్యలో ఆ మోచెయ్యి కమిలింది.

ఆవిడ అడిగినదాంట్లో గొప్ప విద్యేమీ లేదు. చాలామంది వాడతారు అని ముందే అనేసింది కాబట్టి అవునన్నవాడు ఒంటరివాడు కాడు. మత్తు అనలేదు. వాడతారా అనకుండా ఇంట్లో ఉందా అంది. అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం ఆస్కో 2024 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో మొట్టమొదటి విషయం ఇదే. రోగి గంజాయి వాడుతున్నాడేమో మామూలుగా, తప్పుపట్టకుండా అడగండి అని. క్యాన్సర్ నయమవుతుందని మాత్రం దాన్ని వాడొద్దని కూడా అందులోనే ఉంది. ఆపరేషన్‌కి ముందు ప్రతి రోగినీ దీని గురించి అడగాలని 2023లో ఆస్రా అనే మత్తు డాక్టర్ల సంఘం చెప్పింది. రోజూ వాడేవాళ్ళకి మత్తుమందు మోతాదు ఎక్కువ పట్టొచ్చు, ఆపరేషన్ అయ్యాక నొప్పీ ఎక్కువుండొచ్చు. టేబుల్ మీదకి ఎక్కేముందు అది దాచటం అంత పిచ్చిపని ఇంకోటి లేదు. వాంతుల సంగతి ఇంకా విచిత్రం. కీమో వాంతులకి ఈ జాతి మందులు పనిచేస్తాయి, డ్రొనబినాల్ అనే బిళ్ళకి 1985లోనే అనుమతి వచ్చింది. కానీ ఏళ్ళ తరబడి బాగా వాడిన కొందరికి దానివల్లే ఆగని వాంతులు పట్టుకుంటాయి. 2004లో ఆస్ట్రేలియా డాక్టర్లు దీన్ని మొదట వర్ణించారు. వేడినీళ్ళ స్నానం చేస్తే తగ్గటం దాని ఆనవాలు. రోగి చెప్పడు, ఎమర్జెన్సీలో స్కాన్ల మీద స్కాన్లు తీస్తారు, అతను ఇంటికెళ్ళి వాంతులు తగ్గటానికని ఇంకాస్త పీలుస్తాడు.

బాబాయి విషయంలో జరిగిందేమిటో ఫార్మసిస్టు వివరించాడు. వార్ఫరిన్‌ని విరిచి బయటికి పంపే ఒక ఎంజైము కాలేయంలో ఉంటుంది. సీబీడీ ఆ ఎంజైముకి అడ్డం పడుతుంది. మందు బయటికి పోదు, రక్తంలో పేరుకుంటుంది. రోజూ వేసుకునే మాత్ర అదే అయినా ఒంటికి ఎక్కువ వేసుకున్నట్టే. కొంచెం మోతాదుతో ఇంత జరక్కపోవచ్చు, డ్రాపరు నిండా రెండు పూటలా వేశారు కాబట్టి అనుమానించాలన్నాడు. పైగా సీసా మీద రాసినంతే లోపల ఉందని నమ్మకం లేదట. 2017లో ఆన్‌లైన్లో అమ్మే 84 సీబీడీ సరుకులు తెచ్చి పరీక్షిస్తే మూడోవంతు కూడా లేబుల్‌తో సరిపోలేదు. పద్దెనిమిదింటిలో టీహెచ్‌సీ ఉంది. సర్టిఫికెట్ లేని వెండర్ దగ్గర లైబ్రరీ తెచ్చి ప్రొడక్షన్‌లో పెట్టినట్టు అన్నమాట. నూనే కారణమని ఆయన బల్లగుద్ది చెప్పలేదు, ఆకుకూరల వాటా కూడా ఉండొచ్చన్నాడు. కానీ నూనె ఆపాక ఐఎన్ఆర్ కిందికి దిగటం, తగ్గించిన వార్ఫరిన్‌ని మళ్ళీ పాత మోతాదుకి పెంచాల్సి రావటం మా కళ్ళతో చూశాం.

డాక్టర్ల మీద కూడా ఒక మాట అనాలి. మావాడి తప్పుకి సగం కారణం ఎక్కడుందంటే, ఆరునెలల క్రితం మోకాళ్ళ గురించి డాక్టరు గారికి చెబితే "వయసు" అని నవ్వేసి పంపించాడు. పదిహేను నిమిషాల అపాయింట్‌మెంట్లో గుండె గురించే పదమూడు నిమిషాలు పోతుంది, నాకు అర్థమవుతుంది. కానీ నొప్పితో వచ్చినవాడికి ఏమీ ఇవ్వకుండా పంపిస్తే వాడు ఇంకెక్కడికో వెళతాడు. 2017 జనవరిలో అమెరికా నేషనల్ అకాడెమీస్ వేసిన పెద్ద నివేదికలో పెద్దవాళ్ళ దీర్ఘకాలిక నొప్పికి ఇది పనిచేస్తుందనటానికి గట్టి ఆధారాలే ఉన్నాయన్నారు. కాబట్టి డిస్పెన్సరీకి పోయేవాడు మూఢుడేమీ కాదు. వాడు తన డాక్టరు దగ్గర దొరకని సంభాషణ కోసం డబ్బిచ్చి షాపు అమ్మాయి దగ్గర కొనుక్కుంటున్నాడు. ఆ అమ్మాయి పాపం పది నిమిషాలు ఓపిగ్గా విన్నదట కూడా. వార్ఫరిన్ గురించి మాత్రం అడగలేదు.

ఇండియాలో అయితే ఈ నర్సు ప్రశ్నకి కూడా చోటు లేదు. విజయ పేరుతో నూనెలు, బిళ్ళలు ఆయుర్వేద చీటీ మీద ఆన్‌లైన్లో అమ్ముతున్నారు. మన పెద్దవాళ్ళు అల్లోపతి డాక్టరుకి ఆయుర్వేదం సంగతీ, ఆయుర్వేదం డాక్టరుకి అల్లోపతి సంగతీ చెప్పరు. అక్కడ ఎసిట్రోమ్ వేసుకునేవాళ్ళు ఎంతమందో. అది కూడా వార్ఫరిన్ చెల్లెలే. మీ ఇంట్లో ఎవరైనా ఉంటే ఈసారి ఫోన్ చేసినప్పుడు మాత్రలతో పాటు నూనెలు, లేహ్యాలు, చూర్ణాలు ఏమున్నాయో అడగండి. బెడ్‌రూమ్ అలమర కింది అరలో ఉంటాయి.

సిటిజన్‌షిప్ సంగతి ఇంకా తేలలేదు. లాయరు దగ్గరికి వెళ్ళారు, వాడకం ఆపిన తేదీ రాసిపెట్టుకోమన్నాడు. ఇంటర్వ్యూలో అడిగితే అబద్ధం చెప్పొద్దన్నాడు, అప్లికేషను ఎప్పుడు వెయ్యాలో ఆలోచించి చెబుతానన్నాడు. తమ్ముడికి నిద్ర పట్టటంలేదు. పిన్ని నన్ను కూడా కొంచెం తిట్టింది, ఆ ఇంటర్‌ప్రెటర్ని పిలిపించింది నువ్వేగా అని. నా దగ్గర జవాబు లేదు.

మోకాళ్ళకి ఫిజికల్ థెరపీ మొదలుపెట్టారు, ఇంజెక్షన్ గురించి ఆలోచిస్తున్నారు. కిందటి వారం ఐఎన్ఆర్ 3.1. వెనక్కొస్తుంటే కార్లో బాబాయి అడిగాడు.

"ఒరే, ఆ సీసాలో ఇంకా సగం ఉంది. ఎనభై డాలర్లట. వాళ్ళు వెనక్కి తీసుకోరా?"